సముద్రానికి వీపు పెట్టి

అమ్మగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను వర్జీనియాలో, హెర్న్‌డన్‌లోని మా క్లినిక్‌లో ఉన్నాను. మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన చేత కాలు వంచిస్తున్నాను. పనిలో ఉండగా ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు. హవాయి నంబరు కనిపించేసరికి ఎత్తాను. అక్కడ అప్పుడే తెల్లవారుతూ ఉంటుంది.

"తిన్నావా అమ్మా?" అన్నారు అయ్యగారు.

"ఇంకా లేదండీ. ఏమైంది?"

"పోయిందమ్మా."

ఆయన పాస్టరు. ఎన్నో ఇళ్ళలో, ఎంతోమంది తలల దగ్గర నిలబడి "ప్రభువునందు నిద్రించారు" అని మెల్లగా చెప్పిన మనిషి. తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఆయన నోటికి రాలేదు. నేను పెద్దాయన కాలు జాగ్రత్తగా కిందికి దించి, కారిడార్‌లోకి వెళ్ళి గోడకానుకుని నిలబడ్డాను.

మన క్రైస్తవ కుటుంబాల్లో పాస్టరుగారిని అయ్యగారనీ ఆయన భార్యను అమ్మగారనీ పిలుస్తారు. నేను క్రైస్తవురాలిని కాను. అయినా ఆవిడను మొదటి రోజు నుంచీ అలాగే పిలిచాను. ఆ ద్వీపంలో తెలుగు రాని ఫిలిప్పీన్స్ వాళ్ళూ మార్షల్ దీవుల వాళ్ళూ కూడా "అమ్మగారు" అనే పిలిచేవారు. అది ఆవిడ పేరనుకున్నవాళ్ళే ఎక్కువ.

తెల్లవాళ్ళు మిషనరీలుగా మన ఊళ్ళకు రావడం అందరికీ తెలుసు. వీళ్ళిద్దరూ మన ఊళ్ళ నుంచి ఇటు వచ్చారు. కాలిఫోర్నియాలో మనవాళ్ళు కొందరు కలిసి పెట్టుకున్న ఒక చిన్న మిషన్ వీళ్ళను హవాయిలోని బిగ్ ఐలండ్‌కి, దాని దక్షిణపు కొసకు పంపింది. అక్కడ కాఫీ తోటలు, మకడేమియా అనే గట్టి పెంకు కాయల తోటలు. ఎప్పుడో మూతపడిన చెరకు మిల్లు. తోటల్లో పనిచేసేవాళ్ళంతా ఇంకా చిన్న చిన్న దీవుల నుంచి వచ్చినవాళ్ళు. మిల్లు కార్మికుల కోసం కట్టిన పాత చెక్క ఇంట్లో, రేకుల కప్పు కింద వీళ్ళ కాపురం.

నేను హనుమకొండ పిల్లను. ఫిజియోథెరపీ చదివి అమెరికా వచ్చాను. ఎవరు వీసా స్పాన్సర్ చేస్తే అక్కడికి పరుగెత్తే రోజులవి. నాకు ఆ ద్వీపంలోని ఒక చిన్న ఆసుపత్రి దొరికింది. మా ఆయన ప్రాజెక్టు వర్జీనియాలో. మూడేళ్ళ పాపను చంకనేసుకుని నేను పసిఫిక్ సముద్రం మధ్యకు చేరుకున్నాను. కాలింగ్ కార్డు గీకి నంబర్లు నొక్కితే తప్ప తెలుగు మాట వినపడేది కాదు.

నాలుగు నెలల తర్వాత ఒక రోజు షుగర్‌తో కాలు తీసేసిన ఒక మార్షల్ దీవుల ముసలమ్మను నా దగ్గరికి నడక నేర్పించడానికి తీసుకొచ్చారు. ఆమె పక్కన ఒక పొట్టి మనిషి. నేత చీర, కాళ్ళకు కాన్వాస్ బూట్లు, చేతికి మగవాళ్ళ గడియారం. దుబాసిగా వచ్చానంది. ముసలమ్మ ఏదో అంది. ఈవిడ నాతో ఇంగ్లిష్‌లో, "ఆమెకు ఎడమ తుంటి దగ్గర నొప్పి" అంది. నేను ముట్టుకుని చూస్తే నిజంగా అక్కడే.

"వాళ్ళ భాష మీకు బాగా వచ్చా?" అని అడిగాను.

"రాదు. మొహం చూస్తే తెలుస్తుందిగా," అని నా బ్యాడ్జి మీద పేరు చదివి, తెలుగులోకి దిగింది. "ఏ ఊరమ్మాయ్ మీది?"

నేను ఊరి పేరు చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక, ముసలమ్మ వాకర్ ఎత్తు సరిచేస్తూ కూర్చున్నాను. ఆ సాయంత్రమే మా పాప వాళ్ళింట్లో అన్నం తింది. మరుసటి వారం నుంచి నేను పనికి వెళ్తే పాప అక్కడే.

అమ్మగారు ఎవరు ఎదురుపడినా మూడు ప్రశ్నలు అడిగేది. తిన్నావా, నిద్ర పట్టిందా, మీ అమ్మ ఎట్టుంది. ఇంగ్లిష్‌లోనూ అవే: "ఈటింగ్ ఓకే? స్లీపింగ్ ఓకే? మదర్ ఓకే?" పోస్టాఫీసు వాడిని, కాఫీ బస్తాలు మోసేవాళ్ళను, పోలీసును కూడా. కొన్నాళ్ళకు ఊరివాళ్ళు ఆవిడ దూరంగా కనిపిస్తేనే వరసగా జవాబులు చెప్పడం మొదలుపెట్టారు: "ఓకే, ఓకే, మదర్ ఓకే, అమ్మగారు." ఎవరైనా రెండో దాని దగ్గర తడబడితే, పట్టుకుని వరండాలో కూర్చోబెట్టేది. చాలామంది కష్టాలు అక్కడే బయటపడేవి. అయ్యగారి ప్రార్థనలు ఆ తర్వాత.

ఆ ఊళ్ళో ఆవిడకు నచ్చినవి రెండు. "చెప్పులు గుమ్మం బయట విడిచే అమెరికా ఇదొక్కటేనమ్మా," అనేది. రెండోది చేమదుంపలు. అక్కడివాళ్ళు ఉడికించి, దంచి, అంబలిలా చేసుకునే దుంపల్ని ఈవిడ నూనెలో ఎర్రగా వేయించి కారం చల్లి పెట్టేసరికి, ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్ళ సంఖ్య పెరిగిందని అయ్యగారే ఒప్పుకున్నారు. నచ్చనిది అన్నం. మెతుకు మెతుక్కీ అంటుకుంటుందని ఏడాది పాటు సణిగి, చివరికి, "మనుషులు కూడా ఇట్టాగే అంటుకుపోయారు, ఇంక అన్నాన్ని ఏమంటాం," అని ఊరుకుంది.

మొదటి నెలలోనే మనసులో మాట అడిగేశాను. "అమ్మగారూ, నన్ను మీ మతంలోకి రమ్మంటరా?"

ఆవిడ పాపకు పెరుగన్నం కలుపుతోంది. "ఆ పని దేవుడిదమ్మా. నా పని దీని చేత ఈ నాలుగు ముద్దలు తినిపించడం. అదే అయ్యేట్టు లేదు," అంది.

అయ్యగారు పొడగరి, మెతక మనిషి. ఆయనకు ఒక్కటే బలహీనత, ప్రసంగం. మొదలుపెడితే ఆపడం తెలియదు. ఆదివారం అమ్మగారు ముందు వరసలో కూర్చుని, ఇక చాలనిపించినప్పుడు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకునేది. అయ్యగారు ఎంత ఎత్తులో ఉన్నా నాలుగు వాక్యాల్లో కిందికి దిగి ఆమేన్ అనేసేవారు.

ఆవిడ సంగతి తెలిసింది బియ్యం ఏరుతుండగా. ఏ స్కూల్లో చదివానో చెప్పినంత మామూలుగా చెప్పింది. "మాది నాగాయలంక దగ్గరమ్మా. ఉప్పెన నాటికి నాకు పన్నెండేళ్ళు. ఇంట్లో తొమ్మిది మందిమి. తాడిచెట్టుని కావలించుకున్నా, నేనొక్కదాన్నే మిగిలా. నాన్న, తమ్ముళ్ళు దొరికారు. అమ్మ దొరకలా. ఆ తర్వాత బాపట్లలో మిషన్ హాస్టల్లో పెరిగా." చేటలోంచి ఒక పురుగును తీసి పారేసి, "ఈ బియ్యం ఎండబెట్టాలి," అంది.

"మరి సముద్రం మధ్యల ఉండనీకి ఎట్ల ఒప్పుకున్నరు?" అన్నాను, నోరు ఊరుకోక.

"ద్వీపం అన్నారు. మా సీమ పేరు దివి, దివి అంటే కూడా ద్వీపమేగా, మనకు అలవాటే అనుకున్నా," అని నవ్వింది.

అలవాటు కాలేదు. అక్కడ ప్రతి నెలా మొదటి పనిరోజున, మధ్యాహ్నం పన్నెండుకు కాస్త ముందు, సునామీ సైరన్లు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ఒక నిమిషం మోగిస్తారు. ఊళ్ళో ఎవరూ తల కూడా ఎత్తరు. ఆ నిమిషం అమ్మగారు చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలి, నేల మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునేది. సైరన్ ఆగగానే లేచి, చెబుతున్న మాటను ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే అందుకునేది. నేను రెండు మూడు సార్లు చూశాను. అయ్యగారు ఆ నిమిషంలో ఆవిడ వెనక ఊరికే నిలబడేవారు.

ఆదివారం వాళ్ళకు పనిరోజు కాబట్టి సెలవు సోమవారం. సెలవు నియమాలు అమ్మగారివి. సోమవారం ఎవరికీ ప్రార్థన లేదు, పరామర్శ లేదు. అయ్యగారు పూల చొక్కా వేసుకోవాలి. భోజనానికి ముందు కృతజ్ఞత చెప్పడం వరకే అనుమతి, అదీ ఒక్క వాక్యం. పాపతో కలిపి ముగ్గురికీ సరిపడా డబ్బాలు కట్టి, వాళ్ళ తెల్ల వ్యానులో నల్ల ఇసుక తీరానికి వెళ్ళేవాళ్ళు. నాకు సెలవు కుదిరిన సోమవారాల్లో నేనూ ఉండేదాన్ని. అగ్నిపర్వతం నుంచి వచ్చిన ఇసుక, బొగ్గులా ఉంటుంది. దాని మీద పెద్ద పెద్ద తాబేళ్ళు ఎండ కాచుకుంటూ ఉంటాయి. ఎక్కడెక్కడి నుంచో విమానాలెక్కి వచ్చినవాళ్ళు కుర్చీలు వేసుకుని సముద్రాన్ని చూస్తూ ఉంటే, అమ్మగారు మాత్రం కొబ్బరిచెట్టు కింద సముద్రానికి వీపు పెట్టి, కార్లు ఆపే చోటు వైపు చూస్తూ కూర్చునేది. అయ్యగారు పూల చొక్కాతో, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పాప చెయ్యి పట్టుకుని నీళ్ళలో నిలబడేవారు. "ఎక్కడిదాకా వెళ్ళారు?" అని ఆవిడ వెనక్కి తిరక్కుండానే అడిగేది. "చీలమండల దాకా," అని ఆయన అబద్ధం చెప్పేవారు.

సంఘంలోవాళ్ళు అక్కడ కనిపిస్తే సంబరంగా "పాస్టర్!" అని వచ్చేవాళ్ళు. ఏదో ఒక కష్టం చెప్పుకునేవాళ్ళు. అయ్యగారు దీనంగా అమ్మగారి వైపు చూసేవారు. ఆవిడ కాసేపు బిగదీసుకుని, "సరే, కళ్ళు తెరిచి ప్రార్థన చెయ్యండి. కళ్ళు మూస్తే పని కింద లెక్క," అనేది.

ఏడాదికొక వారం పెద్ద సెలవు. కొండ మీద కాఫీ తోట ఉన్న ఒక జపాన్ సంతతి పెద్దాయన తన తోటలోని చిన్న ఇల్లు ఇచ్చేవాడు. సముద్రం కనపడని చోటు. ఒక ఏడాది పాపా నేనూ కూడా వెళ్ళాం. అమ్మగారు మొదటి రెండు రోజులూ నిద్రపోయింది. మూడో రోజు లేచి, చెక్క మీద గుంటలు తొలిపించి, మకడేమియా కాయలతో వామనగుంటలు ఆడింది. పచ్చి మోసం చేసేది. పాప పట్టుకుంటే, "పెద్దదాన్నయ్యాక నాతో ఆడటానికి ఎవరూ లేకపోయిరి, మర్చిపోయాలే," అని దబాయించేది. ఆ వారం ఆవిడను అమ్మగారూ అంటే పలికేది కాదు, అక్కా అనాలి. ఎనిమిదో రోజు వ్యాను ఎక్కుతూ నేను అలవాటుగా అక్కా అంటే, "అయిపోయింది సెలవు," అంది.

మా అమ్మ పోయింది నేను వెళ్ళిన మూడో ఏడు. హనుమకొండలో, గుండెపోటుతో. నా వీసా పొడిగింపు కాగితాలు అప్పుడు నడుస్తున్నాయి. దేశం దాటితే తిరిగి రావడం కష్టమని లాయర్ చెప్పాడు. మా ఆయనకు వెంటనే టికెట్ దొరకలేదు, నా దగ్గరికి చేరేసరికి నాలుగో రోజు అవుతుంది. మా మేనత్త ఫోన్‌లో ఏడుస్తూనే చెప్పింది. "పెండ్లయిన బిడ్డకు మూడొద్దులే మైల. మూడో నాడు సముద్రంల మూడు మునుగులు మునుగు. మీ అమ్మకు మూడు దోసిళ్ళ నీళ్ళు ఇడువు. అంత పెద్ద సముద్రం నీ దగ్గర్నే ఉండె, గదన్న జెయ్యి బిడ్డా."

అమ్మగారు పొద్దున్నే వచ్చింది. "తిన్నావా?" అంది. లేదన్నాను. "నిద్ర పట్టిందా?" అంది. లేదన్నాను. ఆ రోజు రెండే అడిగింది. నేను మేనత్త మాట చెప్పి, ఒక్కదాన్నే వెళ్ళి వస్తానన్నాను. మూడో నాడు వ్యాను మా గుమ్మం ముందుంది. స్టీరింగ్ దగ్గర అయ్యగారు. వెనక అమ్మగారు.

నల్ల ఇసుక తీరానికే వెళ్ళాం. పాప అయ్యగారి దగ్గర వ్యానులో ఉండిపోయింది. నేను నేత చీరతో నీళ్ళలోకి దిగాను. మూడు రోజులుగా సరిగ్గా తిండి లేదు. నడుము లోతు రాకముందే ఒక అల వచ్చి కాళ్ళ కింద నేలను లాగేసింది. పడ్డాను. ఉప్పునీళ్ళు ముక్కులోకి వెళ్ళాయి. అప్పుడు నా మోచేతి పైన ఒక చెయ్యి పడింది. ఆ పట్టు ఎంత గట్టిదంటే వారం రోజులు నాలుగు వేళ్ళ గుర్తులు నల్లగా ఉండిపోయాయి.

తల తిప్పి చూస్తే అమ్మగారు. కాన్వాస్ బూట్లు కూడా విప్పలేదు. నడుము దాకా నీళ్ళలో ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. పెదవులు పాలిపోయాయి.

"అమ్మగారూ, మీరు పొండి. నేను చేసుకుంట," అన్నాను.

"మునుగు," అంది కళ్ళు తెరవకుండా. "నేను పట్టుకునే ఉన్నా."

మునిగాను. "ఒకటి," అంది. మళ్ళీ మునిగాను. మూడు లెక్కపెట్టింది. నేను దోసిలి పట్టడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి, నా చెయ్యి వదిలి చీర కుచ్చెళ్ళ దగ్గర నడుం పట్టుకుంది. మూడు దోసిళ్ళు వదిలాను. ఏ మంత్రమూ రాదు నాకు. అమ్మా అని మూడుసార్లు అన్నాను. ఒడ్డుకు వచ్చాక ఆవిడ వెనక్కి చూడకుండా గబగబా వ్యాను దాకా నడిచి, దాని వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. అయ్యగారు తన చొక్కా విప్పి ఆవిడ భుజాల మీద కప్పి, బనీనుతోనే వ్యాను నడిపారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. అయ్యగారు ప్రతి నెలా మిషన్‌కి సాయం చేసేవాళ్ళందరికీ ఒక ఉత్తరం రాసేవారు. ఆ నెల ఉత్తరంలో, నాతో గానీ ఆవిడతో గానీ చెప్పకుండా, ఈ సంగతి రాశారు. "నా భార్య ముప్పై ఏళ్ళుగా సముద్రాన్ని ముట్టలేదు. ఒక బిడ్డ దుఃఖం చూసి ముట్టింది," అని. పెళ్ళాన్ని చూసి పొంగిపోయిన మొగుడు రాసిన రాత అది. చదివినవాళ్ళకు అందులో పొంగు కనపడలేదు, మూడు మునకలు కనపడ్డాయి. పాస్టరు భార్య అన్యుల ఆచారంలో పాలుపంచుకున్నదని కాలిఫోర్నియాలో కమిటీ కూర్చుంది. ఇద్దరూ పశ్చాత్తాపపడుతున్నామని సంతకాలు చేసి పంపండి, లేకపోతే మీకు మా పోషణ ఉండదు, అని జవాబు వచ్చింది.

నాకు ఇవేవీ తెలియవు. వరసగా మూడు సోమవారాలు వ్యాను కదలకపోవడం చూసి పాపను అడిగాను. "అమ్మగారు, అయ్యగారు నాట్ టాకింగ్," అంది. అయ్యగారిని నిలదీస్తే ఉత్తరం తీసి చూపించారు. ఆయన సంతకం చేద్దామంటున్నారు. ఆవిడ చెయ్యనంటోంది. "తప్పు నాదమ్మా, రాసింది నేనేగా. ఒక సంతకంతో పోయేదాన్ని ఇంత దూరం లాగుతోంది. పని ఆగిపోతే ఈ జనం ఏమైపోతారు?" అన్నారు. ఆయన గొంతులో కోపం వినడం నాకదే మొదటిసారి.

నేను ఆవిడ దగ్గరికి పరుగెత్తాను. పెరట్లో రాతి మీద మకడేమియా కాయలు పగలగొడుతోంది.

"నా వల్లనే గదా అమ్మగారూ ఇదంత. నేనే వాళ్ళకు ఫోన్ చేసి చెప్త, మీరు పూజేం చెయ్యలే, ఉత్తగ నన్ను పట్టుకున్నరని."

"ఉత్తగా కాదులే," అంది.

రెండు కాయలు పగలగొట్టి, పప్పు నా చేతిలో పెట్టి, అప్పుడు చెప్పింది.

"నువ్వు మునిగేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నానా. మూసుకుని మా అమ్మతో మాట్లాడా. అమ్మా, నేను బతికే ఉన్నా, పెళ్ళైంది, మంచోడే, వాగుడెక్కువ, పిల్లలు లేరు, అని అన్నీ చెప్పా. శవం దొరికుంటే ఒక సమాధన్నా ఉండేది, పోయి కూర్చునేదాన్ని. ముప్పై ఏళ్ళాయె, చెప్పుకోవడానికి నాకొక చోటే లేకపోయె. నీ పని మీద వచ్చి నా పని కూడా చేసుకున్నానమ్మాయ్. ఇప్పుడు అది తప్పని సంతకం పెట్టమంటే ఎట్టా పెడతా?"

"మరి అయ్యగారికి ఈ మాట చెప్పిన్రా?"

"చెప్తే ఇంకేమన్నా ఉందా. అది కూడా రాసేస్తాడు, వచ్చే నెల ఉత్తరంలో."

ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నేను ఒట్టు నిలబెట్టుకోలేదు. ఆ సాయంత్రం అయ్యగారు నన్నూ పాపనూ ఇంటి దగ్గర దింపడానికి వచ్చినప్పుడు, దారిలో చెప్పేశాను. ఆయన వ్యాను రోడ్డు పక్కకు తీసి ఇంజన్ ఆపారు. వెనక సీటులో పాప నిద్రపోతోంది.

"ఇరవై రెండేళ్ళ కాపురమమ్మా," అన్నారు. "వాళ్ళమ్మ గురించి నేను ఒక్కసారి అడిగుంటాను. పెళ్ళిచూపుల్లో."

కమిటీకి ఆయన రాసిన జవాబు నేను చూశాను. అంత చిన్న ఉత్తరం ఆయన జీవితంలో రాసి ఉండరు. మేము సంతకం చేయలేము, మీ సహాయానికి వందనాలు, అని రెండు ముక్కలు. వారం తర్వాత అమ్మగారు పాపకు జడ వేస్తూ, ఎవరినో అన్నట్టు, "మీ అమ్మ నోట్లో నువ్వుగింజ కూడా నానదు," అంది.

మూడు నెలల్లో పోషణ ఆగిపోయింది. వాళ్ళకు అప్పటికే గ్రీన్ కార్డు వచ్చి ఉండటం అదృష్టం. అయ్యగారు స్కూలు బస్సు డ్రైవరయ్యారు. అమ్మగారు అదే స్కూల్లో పిల్లలకు భోజనం వడ్డించే పనిలో చేరింది. ఆరాధన కాఫీ తోట పెద్దాయన షెడ్‌లోకి మారింది. ఒక్కరు కూడా తగ్గలేదు. సెలవులు పోతాయని నేను బాధపడుతుంటే అమ్మగారు వేళ్ళు ముడిచి చూపించింది. "కమిటీ ఏడాదికి ఒక వారం ఇచ్చేది. స్కూలు ఎండాకాలం మొత్తం ఇచ్చింది. క్రిస్మస్ వేరే. ముందే వెళ్ళగొట్టి ఉంటే బాగుండేది."

నేను ఆ ద్వీపం వదిలి మా ఆయన దగ్గరికి, ఆష్‌బర్న్‌కి వచ్చేశాక కూడా ఫోన్లు ఆగలేదు. తెలంగాణ వచ్చిన ఏడాది అక్టోబర్‌లో ఇద్దరూ వారం రోజులు మా ఇంటికొచ్చారు. నేను ఎన్నోసార్లు పిలిస్తే రాని మనుషులు, తామే అడిగి మరీ వచ్చారు. "తెలంగాణ వచ్చిందంటగా, సంతోషమేనా?" అంది అమ్మగారు, దిగీ దిగగానే. చిక్కిపోయి ఉంది. ఆకులు ఎర్రబడే కాలం. కార్లో తిప్పుతుంటే కిటికీలు లేని పెద్ద పెద్ద కట్టడాలు చూసి, లోపల ఏముంటుందని అడిగింది. కంప్యూటర్లన్నాను. "మనుషులుండరా?" అంది. పెద్దగా ఉండరన్నాను. "అయితే ఇక్కడ మాకు పనిలేదు," అని హాయిగా వెనక్కి వాలింది.

వెళ్ళే ముందురోజు నన్ను ఒంటరిగా కూరగాయల కొట్టుకు తీసుకెళ్ళమంది. కొట్టు ముందు కారు ఆపాను. దిగలేదు.

"కడుపులో గడ్డ ఉందంట. కాలేయానికి పాకింది. హోనొలులు వెళ్ళి మందులు ఎక్కించుకోమన్నారు, సరే అన్నా. ఆయన కోసం," అంది.

నేను స్టీరింగ్ పట్టుకున్నాను. రోగుల మొహాలు చూసి మాట్లాడటం నా వృత్తి. ఆ రోజు ఆవిడ మొహం వైపు తిరగలేకపోయాను.

"ఏడవమాక. నాకు పన్నెండో ఏట నుంచీ వచ్చినవన్నీ అదనపు రోజులే. బాగా వాడుకున్నా. ఒక్కటే బెంగ. నేను పోయాక ఆయన ఆ ఇంట్లో ఒక్కడూ మాట్లాడుకుంటా ఉంటాడు. వారానికొకసారి ఫోన్ చెయ్యి. నువ్వే ఎక్కువ మాట్లాడు. ఆయనకు సందిచ్చావంటే ప్రసంగమే."

"చేస్త," అన్నాను.

"పద, బెండకాయలు కొందాం. లేతవి ఉన్నాయో లేదో," అని తలుపు తీసింది.

వసంతంలో పోయింది. కొండ మీద, కాఫీ తోట పెద్దాయన ఇచ్చిన చోట పాతిపెట్టారు. పాపను తీసుకుని వెళ్ళాను. బిడ్డల్ని ఎత్తుకుని, పొడుగు గౌన్లలో మార్షల్ దీవుల ఆడవాళ్ళు, బూట్లు గడ్డి మీద విడిచిన స్కూలు పిల్లలు. నేను రెండు రోజులుండి, అయ్యగారి ఫ్రిజ్‌లో డబ్బాల మీద వారాల పేర్లు రాసి పెట్టి తిరిగి వచ్చాను.

ఇప్పటికి ఏడు వారాలు. గురువారం గురువారం ఫోన్ చేస్తున్నాను. ఎక్కువ నేనే మాట్లాడాలని ముందే ఒక కాగితం మీద రాసుకుంటాను: పాప లెక్కల పరీక్ష, మా అత్తగారి కంటి ఆపరేషన్, క్లినిక్‌లో కొత్త మేనేజర్. రెండు ముక్కలు చెప్పేసరికి ఆయన అందుకుంటారు. నిన్నటి ఫోన్ వ్యాను బ్యాటరీ అయిపోయిందన్న దగ్గర మొదలైంది. అక్కడి నుంచి బస్సులో ఏడ్చిన కొత్త పిల్లాడు, వాడి నుంచి ఓర్పు, ఓర్పు నుంచి మనిషికి దేవుడు ఇచ్చే తోడు. నేను సెల్ చెవికి ఆనించుకుని గిన్నెలు కడిగాను, బట్టలు మడిచాను, మెట్ల మీద కూర్చున్నాను. నలభై నిమిషాలు గడిచాక ఆయన మధ్యలో ఆగారు.

"చాలించమంటావా అమ్మా?" అని అడిగారు.

"లేదండీ," అన్నాను. "చెప్పండి."